ఆరో తరగతి వారం పనులు: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస, పొందూరు మధ్య ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి లెక్కలు, సైన్సు చెబుతాను. మా తరగతిలో ప్రతి సోమవారం పిల్లలకు ఒక పని ఇస్తాం, శనివారం దాని గురించి కూర్చుని మాట్లాడుకుంటాం. దీని మీద బడి గేటు దగ్గర, సంతలో, ఒక్కోసారి రాత్రి అన్నాల వేళ ఫోన్లో కూడా ప్రశ్నలు వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేవాటికి జవాబులు ఇవి.

వారం పని అంటే హోంవర్కేనా?

కాదు. హోంవర్కు పాఠం అయిపోయాక ఇస్తాం. వారం పని చాలాసార్లు పాఠం కంటే ముందే మొదలవుతుంది. సోమవారం బోర్డుకి కుడివైపు మూల ఒక ప్రశ్న రాస్తాం, శనివారం దాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. ‘నిన్న రాత్రి వాన ఎంత పడింది?’, ‘మీ ఇంట్లో కుంచానికి ఎన్ని సోలలు?’, ‘మధ్యాహ్న భోజనంలో ఏ రోజు కూర ఎక్కువ మిగులుతోంది?’ ఇలాంటివి. జవాబు పుస్తకంలో దొరకదు. కొలవాలి, లెక్కపెట్టాలి, లేదా ఎవరినైనా అడగాలి.

మంగళ, బుధవారాల్లో పిల్లలు తెచ్చిన సంగతులు వింటాం. గురువారం నోటుపుస్తకంలో రాస్తారు. శుక్రవారం వారం పని జోలికి పోం, ఆ రోజు లఘు పరీక్షలకూ వెనకబడినవాళ్లకూ సరిపోతుంది. శనివారం బ్యాగులుండవు కాబట్టి బల్లలు పక్కకు జరిపి, గ్రూపుల వారీగా లేచి చెబుతారు.

ఆరో తరగతికే ఎందుకు? పెద్ద క్లాసుల్లో చేయించొచ్చు కదా?

ఐదు దాకా ఊళ్లో చిన్న బడి. ఒకరో ఇద్దరో టీచర్లు, వాళ్లే అన్నీ చెబుతారు. ఆరుకి రాగానే పీరియడ్‌కో మాస్టారు, గంటకో పుస్తకం. నాలుగైదు ఊళ్ల పిల్లలు ఒకే గదిలో. చాలామంది జూన్, జులై అంతా నోరు విప్పరు. వారం పని ఉంటే కనీసం పక్కవాడితో మాట్లాడక తప్పదు. ఇది మొదటి కారణం.

రెండోది, ఈ వయసులో పిల్లలు ‘ఎందుకు’ అని ఇంకా అడుగుతారు. ఎనిమిదికొచ్చేసరికి ‘పరీక్షలో వస్తుందా సార్’ అని అడగడం మొదలుపెడతారు. దేశమంతటికీ వర్తించే 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా, వడ్రంగి దగ్గరో తోటమాలి దగ్గరో కుమ్మరి దగ్గరో పని చూసి నేర్చుకోమంటోంది. మేం చేసేది దానికి దూరమేమీ కాదు.

పక్క టౌన్లో ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెబుతున్నారు. మీరేమో వాన నీళ్లు కొలిపిస్తున్నారు. మా పిల్లలు వెనకబడిపోరా?

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్‌తో అడిగే ప్రశ్న ఇదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వాన కొలిచే సీసా ఇలా చేస్తాం. నిలువు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెడతాం. సీసా అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీస్తాం. పక్కన స్కేలు అంటిస్తాం. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలుస్తుంది. కాబట్టి బడికి దగ్గర్లో ఉన్న పిల్లలు కూడా అదే వేళకు చూసి రాస్తారు. టీవీలో ‘భారీ వర్షం’ అన్నప్పుడు మన సీసాలో ఎంతుండాలి? ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ ఆ మాట వాడుతుంది. ఇది తెలిశాక మా పిల్లలు వార్తలు వినే తీరే మారిపోయింది. ‘మన దగ్గర ముప్పై కూడా లేదు సార్, ఎక్కడ భారీ?’ అని వాదిస్తారు.

తర్వాతి వారం ప్రశ్న: మన తరగతి పైకప్పు 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల వానకి దాని మీద ఎన్ని లీటర్లు పడ్డట్టు? వరండాలో సుద్దముక్కతో చదరపు మీటరు గీసి, దాని మీద ఒక లీటరు నీళ్లు అంతటా సమంగా పరుచుకుంటే ఎంత మందం ఉంటుందో ఆలోచించమంటాం. ఒక మిల్లీమీటరు. ఇది అర్థమైన పిల్ల 48ని 10తో గుణించి 480 లీటర్లు అని నోటితోనే చెబుతుంది. వైశాల్యం, దశాంశాలు, ప్రమాణాలు మార్చడం, అన్నీ ఆ ఒక్క లెక్కలో ఉన్నాయి. సూత్రం బట్టీ పట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే సున్నాలు ఎక్కువో తక్కువో పెట్టేస్తారు.

పోటీ పరీక్షల మాటకొస్తే, మీ పిల్లలకు ముందుగా ఎదురయ్యేది ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ పరీక్షలో సగం ప్రశ్నలు పాఠాలవి కావు, ఆలోచనాశక్తిని చూసేవి. ఫౌండేషన్ పుస్తకాలు చెడ్డవని నేననను. పదకొండేళ్ల పిల్లకి పదో తరగతి సూత్రాలు నూరిపోయడం మాత్రం నాకు నచ్చదు.

ఎంత ఖర్చవుతుంది?

రూపాయి అవసరం లేదు. ఎవరైనా ‘వారం పనికి డబ్బులు తెమ్మన్నారు’ అంటే నాకు ఫోన్ చేయండి. ఖాళీ సీసా, పాత క్యాలెండరు, కొబ్బరి చిప్ప, అగ్గిపెట్టె డబ్బాలు, పురికొస చాలు. చార్టులు, రంగు స్కెచ్చులు, థర్మోకోల్ కొనొద్దు. పాత క్యాలెండరు వెనకవైపు చార్టు కంటే దిట్టంగా ఉంటుంది.

ఇంట్లో మేం ఏం సాయం చెయ్యాలి?

చాలా తక్కువ. ఆ తక్కువే కష్టం.

పిల్ల సీసా కోస్తుంటే వంకరగా కోస్తుంది. మీ చేయి ఊరుకోదు, లాక్కుని కోసేస్తారు. బొమ్మ బాగా రాలేదని అక్క చేత గీయిస్తారు. ట్యూషన్ మాస్టారు చక్కటి దస్తూరీతో రెండు పేజీలు రాసిస్తారు. స్టేషనరీ షాపుల్లో తయారుగా దొరికే ప్రాజెక్టు బొమ్మలు తెచ్చి అంటిస్తారు. శనివారం నోటుపుస్తకం మెరిసిపోతుంటుంది, పిల్ల మాత్రం ‘ఇది ఎందుకిలా ఉంది?’ అంటే నేల చూపులు చూస్తుంది. వంకర సీసాతో వచ్చిన పిల్ల అయితే ‘వంకరగా ఉంది కదా సార్, అందుకే మా లెక్క రాజుగాడి లెక్కతో కలవలేదు’ అంటుంది. నాకు కావలసింది ఆ మాటే. అంత మంచి మాట ఏ చార్టులోనూ దొరకదు.

కాబట్టి మీరు చేయాల్సింది, పక్కన కూర్చుని చూడడం, కత్తెరా బ్లేడూ వాడేటప్పుడు దగ్గరుండడం, రాత్రి అన్నం తినేటప్పుడు ‘ఇవాళ ఏం తేలింది?’ అని అడగడం. తప్పు కనిపించినా దిద్దకండి. శనివారం గ్రూపులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోకపోతే నేనున్నాను.

మేం హైదరాబాద్‌లో పనికొచ్చాం. పాప మా అమ్మ దగ్గర ఉంటోంది. అమ్మకి చదువు రాదు. ఇవన్నీ ఎవరు చూస్తారు?

మీ అమ్మగారే చూస్తారు. మా తరగతిలో తాత, నాయనమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు. చెన్నై, హైదరాబాద్ వలసలు మన జిల్లాకి కొత్తేమీ కాదు. అందుకే కొన్ని వారాల ప్రశ్నలు కావాలనే పెద్దవాళ్లకు మాత్రమే తెలిసేలా పెడతాం.

పాతకాలపు ధాన్యం కొలత కుంచం గురించి అడిగే వారం అలాంటిదే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. అంటే సోల కుంచంలో పదహారో వంతు. భిన్నాల పాఠం మొత్తం మీ వంటింటి అటక మీదే ఉంది. పిల్లలు ఇళ్ల నుంచి పాత మానికలు, సోలలు పట్టుకొస్తారు. ఇసుక పోసి ఒకదానితో ఒకటి సరిచూస్తారు. రెండిళ్ల మానికలు ఒక్కోసారి కలవవు. ఒకటి సొట్ట పడి ఉంటుంది, ఒకరు తలకొట్టి కొలుస్తారు, ఇంకొకరు గోపురంగా పోస్తారు. అక్కడ పెద్ద గొడవ మొదలవుతుంది. తర్వాత త్రాసు తెచ్చి ఒకే మానికతో బియ్యం, చోళ్లు (రాగులు), ఊక తూస్తే మూడూ మూడు బరువులు. ‘కొలతకీ బరువుకీ తేడా’ అని నేను నిర్వచనం రాయించనక్కర్లేదు.

అలాంటి వారంలో చదువుకున్న నాన్న ఉన్న పిల్ల గూగుల్‌లో వెతుక్కుంటుంది, నాయనమ్మ దగ్గరున్న పిల్ల పది నిమిషాల్లో మొత్తం చెప్పేస్తుంది. మీరు ఆదివారం ఫోన్ చేసినప్పుడు ‘ఈ వారం నాయనమ్మని ఏం అడిగావు?’ అనండి. అది చాలు.

మా వాడికి చదవడమే సరిగ్గా రాదు. గ్రూపులో వెనకాల నిలబడిపోతాడేమో?

ఆరో తరగతికొచ్చేసరికి తెలుగు వాక్యం కూడబలుక్కునే పిల్లలు ఉన్నారు. దాచిపెట్టి లాభం లేదు. వారం పని వల్ల చదవడం వచ్చేయదు. దానికి వేరేగా, రోజూ ప్రార్థనకు ముందు కూర్చోబెడుతున్నాం.

అయితే గ్రూపులో రాసేవాడొక్కడే గొప్ప కాదు. కొలిచేవాడు, గుర్తుపెట్టుకునేవాడు, నిలబడి చెప్పేవాడు అందరూ కావాలి. వారం వారం ఆ పనులు మారతాయి. మీవాడికి రాసే వంతు వచ్చిన వారం నేను పక్కనే ఉంటాను, ఐదు వాక్యాలు చాలంటాను. పొలం పనుల్లో తిరిగిన పిల్లలకు కంటి కొలత బాగుంటుంది. పైకప్పు పొడవు చూపుతో చెప్పమంటే క్లాసు ఫస్టు వచ్చే పిల్ల కంటే వాళ్లే దగ్గరగా చెప్పడం మామూలే.

మా అమ్మాయిని మగపిల్లల గ్రూపులో ఎందుకు వేశారు?

గ్రూపులన్నీ కలిపే ఉంటాయి. గ్రూపు పని బడిలో, నా ఎదుటే జరుగుతుంది. బడి అయ్యాక చేసే పని మాత్రం ఎవరి వీధి పిల్లలు వాళ్లతోనే. ఎవరింటికో ఎవరినీ పంపం. ఇంకో మాట. ‘ఫలానా వాళ్ల పిల్లాడి పక్కన వద్దు’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. దానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే, గ్రూపు మారదు.

ప్రమాదం లేని పనులేనా?

విద్యుత్ వలయాల పాఠానికి టార్చిలైటు సెల్లులు, చిన్న బల్బులు మాత్రమే. ఇంట్లో ప్లగ్గు దగ్గర ఏ ప్రయోగమూ ఇవ్వలేదు, ఇవ్వం. నిప్పుతో పని బడిలో, నేనున్నప్పుడే. చెరువు, కాలువ, నాగావళి ఇసుక, వీటి దగ్గరకు వెళ్లాల్సిన పని ఏ వారమూ ఉండదు. ‘సార్ వెళ్లమన్నారు’ అని మీవాడు చెబితే నమ్మకండి. ఆకులు, పురుగులు చూడడానికి పొలం గట్ల మీదకు వెళ్తే చెప్పులు తప్పనిసరి, వానలు పడ్డాక గడ్డిలో పాములు తిరుగుతాయి.

పొందూరు తీసుకెళ్తారట. ఖద్దరు చూసి పిల్లలేం నేర్చుకుంటారు?

సైన్సులో నూలు, దారం, బట్ట గురించి పాఠం ఉంది. పుస్తకంలో దూది బొమ్మ చూసి ‘దూదిని ఏకి, వడికి, నేస్తారు’ అని రాసేస్తే రెండు మార్కులు వస్తాయి. పొందూరులో ఆ ఒక్కో క్రియాపదానికి ఎంత పని ఉందో కనిపిస్తుంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకలోని సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి, చెత్తను తీసేసి పోగుల్ని ఒకే వైపుకు సాపు చేస్తాయి. చేప ముల్లుతో బట్టేమిటి అని పిల్లలు నోరు తెరుస్తారు. అక్కడి నుంచి వాళ్ల ప్రశ్నలు ఆగవు. ఇనుప దువ్వెన ఎందుకు వాడరు? ఒక పంచెకి ఎంత దారం కావాలి? ఆవిడ రోజంతా వడికితే ఎంత వస్తుంది?

ఆ చివరి ప్రశ్న వడికే ఆవిడనే అడగమన్నాను. కూలి గురించి ఆమె చెప్పిన సంగతులు విన్నాక శనివారం చర్చ సైన్సు నుంచి సోషల్‌లోకి వెళ్లిపోయింది. సోషల్ టీచర్‌ని పిలిచి కూర్చోబెట్టాం.

వెళ్లే ముందు అనుమతి పత్రం పంపుతాం, సంతకమో వేలిముద్రో పెట్టి పంపండి. మంచినీళ్ల సీసా ఇవ్వండి. డబ్బులు ఇవ్వొద్దు.

అరసవల్లి గురించి పిల్లలతో ఏదో లెక్క చేయిస్తున్నారట. దేవుడి విషయంలో ప్రయోగాలేంటి?

దేవుడి మీద కాదమ్మా, పొద్దు మీద. అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాల మీద మార్చి 9 నుంచి 11 దాకా, అక్టోబరు 1 నుంచి 3 దాకా ఉదయపు కిరణాలు పడతాయని మన జిల్లాలో అందరికీ తెలుసు. ఆ రెండుసార్లే ఎందుకు? క్యాలెండరు ముందు పెట్టుకుని డిసెంబరు 21 నుంచి వెనక్కి అక్టోబరు 2 దాకా రోజులు లెక్కపెట్టమన్నాం. 80 వచ్చాయి. ముందుకి మార్చి 10 దాకా లెక్కపెడితే 79. దాదాపు సమానం. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. అటు వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే చోటు దాటుతాడు. ఆ చోటు చూసుకుని గుడి కట్టినవాళ్లు ఎంత జాగ్రత్తగా గమనించి ఉండాలో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. ఇది విన్నాక గుడి మీద భక్తి తగ్గిందని ఏ ఇంటి నుంచీ ఫిర్యాదు రాలేదు.

దీనికి తోడుగా ఇంటి పని ఒకటుంది. వారానికోసారి పొద్దు పొడవగానే వాకిట్లో పాతిన కర్ర నీడ ఎటు పడిందో గీత గీయాలి. నెలలు గడిచేకొద్దీ గీతలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, నీడనే చూడాలి. వాకిలి అలికేటప్పుడు గీతలు పోతాయి కాబట్టి గోడ వారగా చిన్న రాళ్లు పెట్టించండి. జులై ఆఖరులో మిట్టమధ్యాహ్నం పన్నెండింటి ప్రాంతంలో నిలువు కర్రకి నీడే ఉండని రోజు కూడా మనకి వస్తుంది. మబ్బు కరుణిస్తే బడి ఆవరణలో అందరం చూస్తాం. మే నెలలో మరోసారి వస్తుంది కానీ అప్పటికి సెలవులు.

ఇంగ్లీషు మీడియం కదా, మరి తెలుగులో రాయనిస్తున్నారేంటి?

పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మేమూ అంతే. ఆలోచన తెలుగులో రానిస్తాం, కొలతల పట్టిక ఇంగ్లీషులో రాయిస్తాం. శనివారం చెప్పేటప్పుడు మొదటి రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి, తర్వాత ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పొచ్చు. ‘ఏటి సార్’ అన్నా ఎవరూ నవ్వకూడదన్నది మా తరగతి నియమం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, 1863లో, పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ వారం పిల్లలు ఇంటి పెద్దల దగ్గర కథలు విని, వాళ్లు చెప్పినట్టే రాసుకొస్తారు.

మార్కులు ఉంటాయా?

వారం పనికి విడిగా ర్యాంకులు లేవు. తరగతిలో పాల్గొనడం, నోటుపుస్తకం, ప్రాజెక్టు, వీటిని నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో జరిగే ఎఫ్‌ఏలో) చూసేటప్పుడు ఈ నోటుపుస్తకమే నాకు ఆధారం. అందంగా ఉందా అని చూడను. తేదీలున్నాయా, కొలత పక్కన ప్రమాణం రాసిందా, అనుకున్నదొకటి వచ్చిందొకటి అయితే అది దాచకుండా రాసిందా అని చూస్తాను.

ఫోన్లో చూసి చేస్తే తప్పా?

కొలవడం అయ్యాక చూస్తే తప్పు లేదు. ముందే చూస్తే, యూట్యూబ్‌లో వచ్చిన అంకెనే ఇక్కడా రాసేస్తారు.

తుఫాను సెలవులొస్తే ఆ వారం పని ఏమవుతుంది?

అక్టోబరు, నవంబరుల్లో మనకి ఇది మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ మన తీరం దాటిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. సెలవు ప్రకటిస్తే వారం పని రద్దు. సీసా ఎంత నిండిందో చూడడానికి కూడా పిల్లలు బయటకు రాకూడదు. వాన వెలిశాక ఉన్నది ఉన్నట్టు చూసి, ‘మూడు రోజులది కలిపి’ అని రాస్తే సరిపోతుంది. అలాంటప్పుడు పిల్లలకు మంచి ప్రశ్నలు తడతాయి. ‘మన దగ్గర వాన ఆగిపోయింది, నాగావళికి ఇంకా నీళ్లెందుకు పెరుగుతున్నాయి?’ అని ఒకరు అడిగారు. నది పుట్టింది ఒడిశాలోని కొండల్లో, అక్కడ పడిన వాన ఇక్కడికి చేరడానికి సమయం పడుతుంది. తర్వాతి వారం అట్లాసు తీసి నది వెంట వేలు నడిపించాం.

జ్వరం వచ్చో, పెళ్లికి వెళ్లో వారమంతా బడికి రాకపోతే?

ఆ వారం వదిలేయండి. సోమవారం కొత్త ప్రశ్న ఉంటుంది. పోయిన వారం పేజీని పక్కవాళ్ల నోటుపుస్తకం చూసి నింపించవద్దు, తేదీ వేసి ‘రాలేదు’ అని రాస్తే చాలు. పెళ్లికి వెళ్లిన పిల్ల అక్కడ ఎన్ని విస్తళ్లు లేచాయో, ఎన్ని కిలోల బియ్యం వండారో కనుక్కొస్తే శనివారం చెప్పనిస్తాను.